మాట సాయం లేని వేళ

పోయినేడాది శ్రావణమాసంలో ఒక రాత్రి, ఒంటిగంట దాటాక మా ఇంటి తలుపు దబదబా మోగింది. కాలింగ్ బెల్ ఉండగా తలుపు బాదుతున్నది ఎవరా అని విసుక్కుంటూ లేచాను. తీసేసరికి మా పైపోర్షన్‌లో అద్దెకుండే అమ్మాయి. జుట్టు రేగిపోయి ఉంది. నా చెయ్యి పట్టుకుని మెట్లవైపు లాగింది. మా ఆవిడ కూడా నా వెనకే పరుగెత్తుకొచ్చింది.

ఆ అమ్మాయికీ, ఆమె భర్తకీ పుట్టుకతోనే వినికిడి లేదు. మాటలూ లేవు. చిలకలగూడలో మా ఇంటికి వచ్చి మూడేళ్ళయింది. వచ్చిన కొత్తలో బెల్లు వైరు తీసి హాల్లో బల్బుకి కలిపించుకున్నారు. స్విచ్ నొక్కితే బల్బు వెలుగుతుంది, వాళ్ళు తలుపు తీస్తారు. ఇంతకాలం అద్దెకిస్తున్నాను గానీ నాకెప్పుడూ ఆ ఆలోచన తట్టలేదు సుమండీ.

పైకి వెళితే కుర్రాడి తండ్రి మంచం మీద పక్కకి ఒరిగి ఉన్నాడు. ఊరినుంచి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దాయన. ఆయనకి చెవులు బాగానే వినిపిస్తాయి, మామూలుగా అయితే గంటలు గంటలు మాట్లాడతాడు. ఆ రాత్రి మాత్రం మూతి ఒక పక్కకి జారిపోయింది. కుడిచెయ్యి లేవడం లేదు. ఏదో చెప్పబోతే ముద్దముద్దగా శబ్దం వస్తోంది తప్ప మాట కావడం లేదు. పక్షవాతమని నాకే అర్థమైంది.

108కి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి ఓపిగ్గానే అడిగింది. ఎక్కడ, ఎవరికి, వయసెంత, స్పృహలో ఉన్నారా, ముందునుంచీ బీపీ ఉందా, ఏం మాత్రలు వాడుతున్నారు. అడ్రసు ఒక్కటే నాకు తెలుసు. మిగతా వాటికి జవాబు తెలిసిన ఇద్దరికీ ప్రశ్న వినపడదు. జవాబు చెప్పగలిగిన మూడో మనిషికి నోట మాట పడిపోయింది. వాళ్ళ తొమ్మిదేళ్ళ పాప ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఆ పిల్లకి చక్కగా వినపడుతుంది, గలగలా మాట్లాడుతుంది. గ్యాస్ బుకింగు నుంచి స్కూలు ఫీజు దాకా ఆ ఇంటికి టెలిఫోను ఆ పిల్లే. ఆ వారం జనగామ దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోయింది.

పేపరు మీద ప్రశ్న రాసి కుర్రాడికి చూపించడం, అతను రాసింది చదివి ఫోనులో చెప్పడం. చేతులు వణుకుతుంటే అక్షరాలు ఎక్కడ కుదురుతాయి? ఇంకో సంగతి. సంజ్ఞల భాషకి తనదైన వ్యాకరణం ఉంది, అది తెలుగుది కాదు. అందుకని వాళ్ళు రాసే తెలుగు మన వాక్యంలా ఉండదు. 'నాన్న మాత్ర రోజు ఒకటి ఊరు మర్చి' అని రాశాడు. రోజూ ఒక బీపీ మాత్ర వేసుకుంటాడనీ, దాన్ని ఊళ్ళో మర్చిపోయి వచ్చాడనీ నాకు అర్థమవడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఆఖరి ప్రశ్న, 'ఇది ఎన్నింటికి మొదలైంది?' ఆ ప్రశ్న రాయకుండానే నా చేతి గడియారం చూపించి సైగ చేశాను. ఆ అమ్మాయి గోడకున్న గడియారం కిందికి దించింది. ముల్లు పన్నెండూ నలభై దగ్గర ఉండాలని వేలితో చూపించింది. తర్వాత రెండు చేతులూ చెంపకి ఆనించి, పన్నెండింటికి నిద్రపోయేటప్పుడు బాగానే ఉన్నాడని చెప్పింది. పేపరు మీద అంతసేపు కొట్టుకున్న మాకు ఆ గడియారంతో అరనిమిషంలో పని జరిగింది.

ఆ సమయం ఎంత ముఖ్యమో ఆసుపత్రికి వెళ్ళాకగానీ తెలియలేదు. మెదడులో రక్తనాళం గడ్డకట్టి మూసుకుపోతే ఆ గడ్డని కరిగించే ఇంజక్షను ఉంది. కాకపోతే లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ముందుగా స్కానింగు చేసి, మెదడులో రక్తం కారడం లేదని చూసుకోవాలి. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియకపోతే డాక్టర్లు ఆ మందు ఇవ్వడానికి వెనకాడతారు. మా పెద్దాయన విషయంలో ఆ టైము చెప్పినది మాట రాని కోడలు. ఆయన బతికాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు కూడా.

ఆసుపత్రి పేరు ఎందుకులెండి, అక్కడ నేను చూసింది మాత్రం చెప్పాలి. కౌంటరులో ఉన్నాయన ఆ కుర్రాణ్ణి ఏదో అడిగాడు. జవాబు రాలేదు. 'అతనికి వినపడదండీ' అన్నాను. అంతే, అదే ప్రశ్నని రెట్టింపు గొంతుతో అడిగాడు! ఆయన చెడ్డవాడేమీ కాదు. మనందరం చేసే పనే అది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత చెప్పి నవ్వుకుంటాం. ఊదడం మాత్రం మానం. ఆలోచిస్తే మనకి ఆపద తెలియజేసేవన్నీ శంఖాలే. సైరను, ఫైరు గంట, పోలీసు విజిలు, మైకులో ప్రచారం, చివరికి ఫోను. అన్నీ చెవి మీద నమ్మకంతో కట్టుకున్నవే.

ఫోను సంగతి మరీ విచిత్రం. 1876లో దానికి పేటెంటు తీసుకున్న అలెగ్జాండర్ గ్రాహం బెల్ తల్లికి వినికిడి లోపం, భార్యకి చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది. స్వయానా బధిరులకి పాఠాలు చెప్పినవాడు. ఆయన ఇచ్చిన పరికరం మాత్రం వాళ్ళకి పనికిరాలేదు. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత, 1964లో, రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త టైపు చేసిన అక్షరాలని టెలిఫోను లైను మీద పంపే పరికరం తయారుచేశాడు. ఆయనకీ వినపడదు. అవసరం తెలిసినవాడే కనిపెట్టాడన్నమాట. అమెరికాలో 2014 నుంచి పెద్ద ఫోను కంపెనీలు 911కి మెసేజీ పంపే వీలు కల్పించాయి. అయితే అన్ని ఊళ్ళలోనూ లేదు. బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి 999కి వీడియో కాల్ చేస్తే సంజ్ఞల భాష వచ్చిన మనిషి తెరమీదకి వస్తారు. వీళ్ళు సైగ చేస్తారు, ఆ మనిషి మాటల్లో చెబుతారు.

మన దగ్గర? 108 పుట్టింది మన ఊళ్ళోనే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. దాన్ని నడిపించిన సంస్థ ప్రాంగణం మన సికింద్రాబాద్ చిరునామాతోనే, మేడ్చల్ దారిలో దేవరయాంజాల్ దగ్గర ఉంది. ఇక్కణ్ణుంచే అది గుజరాత్‌కీ, తమిళనాడుకీ, ఇంకెన్నో రాష్ట్రాలకీ పాకింది. ఆ నంబరు వచ్చాక ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో మనకందరికీ తెలుసు, దాన్ని తక్కువచేసి మాట్లాడితే పాపం. ఆ తర్వాత 2018 నవంబరులో హిమాచల్‌ ప్రదేశ్‌తో మొదలుపెట్టి దేశమంతటికీ 112 తెచ్చారు. పోలీసు, ఫైరు, అంబులెన్సు అన్నిటికీ ఒకే నంబరు. మాట్లాడటమే కాకుండా మెసేజీ, ఈ-మెయిలు, '112 ఇండియా' యాప్ ద్వారా కూడా సాయం అడిగే ఏర్పాటు దాని రూపకల్పనలోనే ఉంది. ఈ ముక్క మా పైపోర్షన్ దంపతులకి తెలియదు. నాకూ తెలియదు. అవసరం ఎవరిదో వాళ్ళకే తెలియకపోతే ఆ ఏర్పాటు ఉండీ ఏం లాభం?

అన్నట్టు, మీ ఫోనులోనూ ఒక మీట ఉంది. 2016లో కేంద్రం చేసిన నిబంధన ప్రకారం 2017 జనవరి నుంచి అమ్మే ఫోన్లలో పానిక్ బటన్ ఉండాలన్నారు. మామూలు బటన్ల ఫోను అయితే 5 గానీ 9 గానీ నొక్కిపట్టాలి. స్మార్ట్‌ఫోను అయితే పక్కనుండే పవర్ బటన్‌ని గబగబా మూడుసార్లో అయిదుసార్లో నొక్కాలి. ఫోనుకో తీరు కాబట్టి ఈ ఆదివారమే సెట్టింగుల్లోకి వెళ్ళి చూసుకోండి. సరదాకి నొక్కి చూడకండి, అవతల నిజంగానే కాల్ పోతుంది. లాక్ పడిన ఫోనులో కూడా కనపడేటట్టు బ్లడ్ గ్రూపు, వాడే మందులు, ఇంట్లోవాళ్ళ నంబరు పెట్టుకోవచ్చు. మా ఇంట్లో నలుగురికీ నాలుగు ఫోన్లున్నాయి గానీ ఆ రాత్రి దాకా ఒక్కదాంట్లోనూ ఆ వివరాలు లేవు.

మనం మాట్లాడిందాన్ని అప్పటికప్పుడు అక్షరాలుగా మార్చి తెరమీద చూపించే యాప్‌లు ఇప్పుడు తెలుగులోనూ పనిచేస్తున్నాయి. ఆ కుర్రాడి ఫోనులో ఒకటి వేసి చూశాం. గదిలో ఇద్దరమే ఉంటే బాగానే రాసింది. రేతిఫైల్ బస్టాండు దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే పక్కనున్న కండక్టరు కేకలన్నీ కలిపి రాసింది! పైగా చార్జింగు ఉండాలి, నెట్ ఉండాలి. నాకు యాప్‌ల మీద కోపం లేదు. జేబులో ఒక కాగితం ఉండటం మాత్రం తప్పదని అప్పుడు నమ్మకం కుదిరింది.

ఆ కాగితం తయారుచేయడానికి మాకు రెండు ఆదివారాలు పట్టింది. ఇంతా చేస్తే అరచేతి సైజు అట్టముక్క. మొదట నేను రాసింది 'నేను బధిరుడిని' అని. కుర్రాడు కొట్టేశాడు. చదివినవాడు అయ్యో అనుకుని ఊరుకుంటాడు, వాడేం చెయ్యాలో చెప్పాలి అన్నాడు, అంటే రాశాడు. చివరికి ఇలా తేలింది. 'నాకు వినపడదు. గట్టిగా అరిచినా వినపడదు. రాసి చూపించండి. దయచేసి నా తరఫున 108కి ఫోన్ చేసి ఈ అడ్రసు చెప్పండి.' కింద ఇంటి అడ్రసు, గుర్తుగా వీధి చివరి గుడి. మెసేజీ మాత్రమే పంపాలని రాసి అతని నంబరు, మాట్లాడటానికి నా నంబరు. తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో. మూడు భాషలెందుకంటే ఆసుపత్రిలో ఆ రాత్రి డ్యూటీ నర్సుది కేరళ. ఆమెకి తెలుగు అంతంత మాత్రం. స్టేషను దగ్గర ఆటో అబ్బాయి ఏ భాషవాడో ఎవరికెరుక?

అట్ట వెనకవైపు బొమ్మలు. ముందూ వెనకా మనిషి ఆకారం, నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించడానికి. ముళ్ళు లేని గడియారం, ఎప్పటినుంచో చూపించడానికి. అది ఆ అమ్మాయి ఆలోచన. రోజూ వాడే మందుల పేర్లు, పడని మందుల పేర్లు. ఫొటోకాపీ షాపులో లామినేషన్ చేయించాం. ఇంటిల్లిపాదికీ తలా ఒకటి, అంబులెన్సు వాళ్ళకి కనపడేటట్టు తలుపు వెనక ఒకటి.

ఈ బొమ్మల అట్ట పెద్దాయనకి ఇంకోరకంగా పనికొచ్చింది. పక్షవాతం తగ్గుముఖం పట్టాక కూడా ఆయనకి మాట చాలా రోజులు రాలేదు. మనం అన్నది అర్థమవుతుంది, జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. 'అది... అది...' అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఇలాంటివాళ్ళకీ, గొంతులో గొట్టం ఉండి మాట్లాడలేని ఐసీయూ రోగులకీ విదేశాల్లో అక్షరాల పలక ఇస్తారట. ఇరవయ్యారు అక్షరాలే కాబట్టి వేలితో చూపించుకుంటూ పోతారు. అదే పని తెలుగులో చేద్దామని నేను కూర్చున్నాను. యాభయ్యారు అక్షరాలు, ఆపైన గుణింతాలు, ఒత్తులు. 'నీళ్ళు' అనడానికి న ఎక్కడుందో వెతికి, దీర్ఘం ఎక్కడుందో వెతికి, ళకి ఒత్తు పెట్టేసరికి పెద్దాయన దాహం తీరకుండానే నిద్రపోయాడు! దాంతో అక్షరాలు మానేసి మాటలే పెట్టాం. నీళ్ళు, టీ, నొప్పి, బాత్రూము, ఫ్యాను, కొడుకు, మనవరాలు. ఒక్కొక్కదానికి ఒక బొమ్మ. ఎక్కువగా వేలు పెట్టింది మనవరాలి బొమ్మ మీద.

బొమ్మలతో మాట్లాడించే ఈ పద్ధతి మనకేమీ కొత్త కాదు. చెన్నైలో తయారైన 'ఆవాజ్' అనే పరికరం, ఆ తర్వాత యాప్, ఆటిజం ఉన్న పిల్లలకీ సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకీ బొమ్మ నొక్కితే మాట పలికించి పెడుతోంది. అంతదూరం కూడా అక్కర్లేదు. మన బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. వినికిడి, మాటల సమస్యలకి అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థవారి ప్రాంతీయ కేంద్రమూ అక్కడే ఉంది. దేశంలో ఎక్కడెక్కడివాళ్ళో పిల్లల్ని ఎత్తుకుని సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగి అక్కడికి వెళుతుంటారు. ఈ ఊళ్ళో పుట్టిపెరిగిన నేను ఆ గేటు ముందునుంచి బస్సులో వందలసార్లు వెళ్ళాను. దిగింది మాత్రం లేదు.

2011 జనాభా లెక్కల్లో దేశంలో వినికిడి లోపమున్నవారు 50 లక్షల పైచిలుకు, మాట లోపమున్నవారు దాదాపు 20 లక్షలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఎనిమిదో సెక్షను ఏం చెబుతోందంటే, ప్రకృతి విపత్తుల్లాంటి ప్రమాదాల్లో వీళ్ళకి అందరితో సమానంగా రక్షణ ఉండాలి. జిల్లా విపత్తు నిర్వహణ యంత్రాంగం తమ జిల్లాలో దివ్యాంగుల వివరాలు దగ్గర పెట్టుకుని, ప్రమాదం వస్తే వాళ్ళకి తెలిసేటట్టు కబురు చెయ్యాలి. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారి బుర్రుమని అదిరి, తెరమీద ప్రభుత్వం మెసేజీ కనిపించింది గుర్తుందా? భూకంపం వచ్చిందేమోనని మా వీధిలో సగం మంది బయటికొచ్చారు. అది ప్రయత్నపూర్వకంగా చేసిన పరీక్ష. అదిరే ఫోను, చదువుకోగలిగే అక్షరం. ఈ రెండూ ఉంటే వినపడనివాళ్ళకీ కబురు అందుతుంది.

వినిపించి, మాట వచ్చి కూడా భాష రాక మూగవాళ్ళయ్యేవాళ్ళు మన ఊళ్ళో తక్కువా? మోండా మార్కెట్లో ఉదయం ఒక గంట నిలబడితే అయిదారు భాషలు చెవిన పడతాయి. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలో తుక్కు గోదాము అంటుకుని, అందులో నిద్రపోతున్న బీహారు కూలీలు 11 మంది చనిపోయారు. భాష రాకే పోయారని నేననడం లేదు. కానీ అలాంటి గోదాములు ఎన్నో ఉన్నాయి. వాటిల్లో పడుకునేవాళ్ళకి 101 అంటే ఏమిటో, తాము ఉన్న వీధి పేరేమిటో ఎవరైనా చెప్పారా? 'లోపల ఎంతమంది?' అని ఫైరు మనిషి అడిగితే ఏ భాషలో జవాబు రావాలి? పనిలో పెట్టుకున్న యజమాని ఆ చోటు అడ్రసుని హిందీలో పెద్ద అక్షరాలతో గోడమీద రాయించడానికి ఒక పూట, ఒక డబ్బా రంగు చాలు.

ఇదే కష్టం మనవాళ్ళు పరాయి దేశంలో పడుతున్నారు. కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి దుబాయి వెళ్ళినవాళ్ళకి అక్కడ అంబులెన్సు 998 అనీ, ఫైరు 997 అనీ, పోలీసు 999 అనీ బయలుదేరేముందే తెలియాలి. కూతురి పురిటికని అమెరికా వెళ్ళే అత్తయ్యలు, పిన్నులు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. వాళ్ళకి చెప్పండి. 911 నొక్కి 'తెలుగు, ఇంటర్‌ప్రెటర్' అని రెండు మాటలంటే చాలు, లైను పెట్టేయకుండా ఉంటే, చాలా చోట్ల తెలుగు వచ్చినవారిని అదే లైనులోకి కలుపుతారు. వియత్నాం నుంచి వచ్చిన శరణార్థులతో మాట్లాడలేక అవస్థపడిన శాన్‌హోసే పోలీసు ఒకాయన 1982లో ఇలా ఫోనులో అనువదించే ఏర్పాటుకి నాంది పలికాడు. ఇప్పుడది ఆ దేశంలో మామూలైపోయింది.

మా పైపోర్షన్ పాప ఊరినుంచి వచ్చాక అట్టముక్క చూసింది. అంతా చదివి, గుడి పేరులో నేను చేసిన అక్షరదోషం దిద్దింది. కొత్తది లామినేషన్ చేయించాం. ఆ తర్వాత మా ఆవిడ దగ్గరికొచ్చి, 'ఆంటీ, నేను లేకున్నా మమ్మీవాళ్ళు ఫోన్ చేయించగలుగుతరు గదా?' అని రెండుసార్లు అడిగింది. ఎందుకమ్మా అంటే, స్కూలువాళ్ళు పిల్లల్ని మూడు రోజులు టూరు తీసుకెళ్తున్నారట. కిందటేడు పేరు ఇచ్చి కూడా, తాను లేకపోతే ఇంట్లో ఎట్లా అని వెనక్కి తీసుకుందట. మొన్న జనవరిలో వెళ్ళొచ్చింది. బస్సు ఎక్కేముందు మాత్రం మా తలుపు తట్టి, రాత్రిపూట ఫోను పక్కనే పెట్టుకొమ్మని నాకు చెప్పి మరీ వెళ్ళింది.